శుక్రవారం ఆడవాళ్ళు

"మా కోసం ఆడ యెన్ని కష్టాలు పడిందో పాపం. ఇంక సాలు. ఇంక పంపించేది లేదు" అన్నాడు మురుగేష్, ఖాళీ టీ గ్లాసు మగ్గం పక్కన పెడుతూ.

పెళ్ళాన్ని గురించి ఆ మాట అన్నది ఎదురింటి చంద్రకాంతమ్మతో. లోకేశ్వరి కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఏడు వారాలవుతున్నా, చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. మగ్గాలకు నూనె వెయ్యడానికి పొద్దున ఒక పావుగంట ఆపుతారు. ఆ వీధిలో ఎవరైనా ఒకరింటికి పోయి రెండు మాటలు మాట్లాడాలంటే ఆ పావుగంటలోనే. చంద్రకాంతమ్మ ఆ వేళ చూసుకుని వచ్చి, గడప మీద చతికిలబడి, లోకేశ్వరిని కిందికీ మీదికీ చూసి, "సిక్కిపోయినావు మే" అంది. నిజానికి లోకేశ్వరి ఐదు కిలోలు పెరిగి వచ్చింది. వచ్చినవాళ్ళంతా చిక్కిపోయావంటుంటే, కాదు, లావయ్యాను అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. రాట్నం ముందు కూర్చుని కండెకు నూలు చుట్టుకుంటూ తల దించుకుంది.

చూసేవాళ్ళకు అది అణకువ. ఆమెకు మాత్రం సిగ్గు. కొత్త పెళ్ళికూతురి సిగ్గు కాదు, ఇంట్లోనే దొంగతనం చేసి ఇంకా దొరక్కుండా తిరుగుతున్న మనిషి పడే సిగ్గు. ఎందుకంటే కువైట్‌లో ఆమె సుఖంగా ఉంది. ఈ నాలుగేళ్ళలో నవ్వినంతగా బుద్ధెరిగిన తరవాత ఎప్పుడూ నవ్వలేదు. వచ్చే బుధవారానికి చెన్నై నుంచి తిరుగు టికెట్టు ఉంది. ఆ విమానం ఎక్కాలని ఆమెకు ఎంతగా ప్రాణం కొట్టుకుంటోందో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే ఏమనుకుంటారో ఆమెకు బాగా తెలుసు. తనను గురించి తనే అదే అనుకుంటోంది కాబట్టి.

నగరిలో ఆ ఇల్లు ఎలాంటిదో చెప్తే గాని ఈ సిగ్గు అర్థం కాదు. వీధి వైపు పెద్ద గది, అందులో నాలుగు మరమగ్గాలు. వెనక వంటిల్లు, పక్కన పడుకునే గది. మగ్గాలు పొద్దున ఆరింటికి మొదలైతే చీకటి పడ్డాక ఎప్పటికో ఆగుతాయి. ఆ టకటకలో పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని మగ్గాల ఇళ్ళలో మాటలు వినరు, చూస్తారు. పెదాలు కదిలే తీరు చూసి పోగు తెగిందనో, కండె అయిపోయిందనో, టీ కావాలనో తెలుసుకుంటారు. మూడేళ్ళ పిల్లకైనా ఆ విద్య పట్టుబడుతుంది. కానీ ఆ విద్యతో కబుర్లు చెప్పుకోలేరు. చేతిలో పని ఆపి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, రాత్రి నాకొక పిచ్చి కల వచ్చింది తెలుసా అని మొదలుపెట్టేంత తీరిక మగ్గం ఎవరికీ ఇవ్వదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ లోకేశ్వరి ఐదింటికి లేచి నీళ్ళు పట్టి, ఇడ్లీ పిండి పోసి, ఆరయ్యేసరికి రాట్నం ముందు కూర్చునేది. నాలుగు మగ్గాలకూ కండెలు ఆమే చుట్టాలి. మగ్గం నడిపే మగవాళ్ళకు కూలి ఉంటుంది. రాట్నం ముందున్న పెళ్ళానికి ఉండదు. "అది ఇంట్లో కూర్చునే ఉంటాది గదా" అనేవాడు మురుగేష్, నీ పెళ్ళాం ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే. కూర్చునే ఉండేది, ఆ మాట నిజమే.

అత్త సుబ్బులమ్మ ఆమెకు సొంత మేనత్తే. యాభై ఏళ్ళు ఆ చప్పుడులో బతికి చెవులు రెండూ పోగొట్టుకుంది. ఎవరు మాట్లాడినా మెడ ముందుకు చాపి, కళ్ళు చికిలించి, వాళ్ళ నోటికేసి చూస్తుంది. మాట్లాడేవాళ్ళు మొహం పక్కకు తిప్పుకుంటే ఆవిడకు మాట అక్కడే తెగిపోతుంది. మళ్ళీ అడగదు.

నూలు దొరక్క మగ్గాలు మూలపడ్డ ఏడాది, "రెండేండ్లు పోయిరా, మన వీధిలో యెంతమంది పోలేదు" అన్నాడు మురుగేష్. పొమ్మన్నప్పుడు ఆమెను ఏం అడగలేదు, ఇప్పుడు ఉండమంటున్నప్పుడూ అడగడం లేదు. మొదటి ఆరు నెలలు లోకేశ్వరి నిజంగానే ఏడ్చింది. ఒక ముసలమ్మను చూసుకునే పని. భాష రాదు, తిండి పడదు. పద్నాలుగేళ్ళ కూతురు లోహితను వదిలిపెట్టి వచ్చానన్న దిగులు. ఆ ఏడుపంతా ఫోన్‌లో ఇంటికి చేరింది. తరవాత ఏడుపు ఆగిపోయింది. ఫోన్‌లో మాత్రం ఆగలేదు. అక్కడ మొదలైంది ఆమె దొంగతనం.

ఏడుపు ఆపింది పెంచలమ్మ. నాయుడుపేట దగ్గరి మనిషి, కువైట్‌లోనే ఒక ఆసుపత్రిలో ఊడ్చే పని. కూరగాయల కొట్టులో వంకాయలు ఏరుతున్న లోకేశ్వరి తెలుగులో పైకే లెక్కపెట్టుకోవడం విని, వెనక నుంచి భుజం మీద ఒక్కటి చరిచి, "యే ఊరు మే?" అంది. శుక్రవారం సెలవు నాడు తన గదికి లాక్కుపోయింది. చిన్న గది. నేల మీద దుప్పటి పరిచి ఎనిమిది మంది ఆడవాళ్ళు. రాజంపేట వైపు నుంచి ముగ్గురు, శ్రీలంక ఆమె ఒకరు, తెలుగు ముక్క రాకపోయినా అందరికంటే ముందు నవ్వే ఇథియోపియా పిల్ల ఒకతె. ఒకరు చేపల పులుసు తెచ్చారు, ఒకరి తలకు ఇంకొకరు నూనె రాస్తున్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. లోకేశ్వరి గోడకు ఆనుకుని అలవాటు కొద్దీ ఒక్కొక్కరి నోటికేసి చూస్తూ కూర్చుంది. "యేమే, నా మూతికేమన్నా అంటుకోనుండాదా?" అని పెంచలమ్మ అడిగింది. అప్పుడు చెప్పింది, మగ్గాల ఇల్లు ఇలా ఉంటుందని. చెప్పడం చాలక లేచి నిలబడి, నాలుగు మగ్గాల మధ్య నుంచి మా ఆయన టీ అడిగేది ఇదిగో ఇలా అని చేసి చూపించింది. గది గదంతా పడీ పడీ నవ్వింది. శ్రీలంక ఆమెకు పొలమారింది. నలుగురిని నవ్వించడం తనకు వచ్చని లోకేశ్వరికి ముప్పై తొమ్మిదేళ్ళు నిండాక తెలిసింది.

ఇంక అక్కడి నుంచి శుక్రవారం కోసమే మిగతా ఆరు రోజులూ. ముసలమ్మకు స్నానం చేయిస్తున్నా, గిన్నెలు తోముతున్నా, ఈ సంగతి వాళ్ళకు ఎలా చెప్పాలి, ఎక్కడ ఆపితే నవ్వుతారు అని మనసులో కూర్చుకుంటూ ఉండేది. మొగుడిని చేసి చూపించింది. తరవాత అత్తను చేసి చూపించింది. మెడ చాపడం, కళ్ళు చికిలించడం, అర్థం కాకపోయినా తల ఊపడం. అందరికీ అదే ఎక్కువ ఇష్టమైంది. "లోకా, మీ అత్తను సెయ్యి" అని ప్రతి వారం అడిగేవాళ్ళు. ఆ మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే మెట్ల మీదికి వెళ్ళి, గొంతులో నీరసం తెచ్చుకుని మాట్లాడేది. "వెనకాల యెవురే నవ్వుతా ఉండారు?" అని ఒకసారి మురుగేష్ అడిగితే, టీవీ అని చెప్పింది. లోహిత పెద్దమనిషి అయిన కబురు కూడా ఒక శుక్రవారమే వచ్చింది. ఆ వేళ మెట్ల మీద నిజంగానే ఏడ్చింది, పది నిమిషాలు. మొహం కడుక్కుని గదిలోకి పోయింది. అరగంట తిరక్కముందే మళ్ళీ నవ్వుతోంది. బిడ్డ పక్కన ఉండాల్సిన పూట తను నవ్విన ఆ నవ్వు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది. ఆ నాలుగేళ్ళూ ఇక్కడ కండెలు చుట్టింది లోహితే. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతున్నా, శనివారం వస్తే నాన్న పిలుపుకు రాట్నం ముందే కూర్చుంటోంది.

ఇవన్నీ ఒక ఎత్తు, తిరుత్తణి ఒక ఎత్తు. వచ్చిన మూడో వారం ఆడికృత్తిక పండక్కి అందరూ కలిసి అక్కడి కొండమీది గుడికి పోయారు. ఏదో మొక్కు ఉందని తెలుసు గాని ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు. మురుగేష్ భుజాన కావడి ఎత్తుకున్నాడు. సుబ్బులమ్మ తలనీలాలు ఇవ్వడానికి కూర్చుంది. తెల్లటి వెంట్రుకలు కుప్పగా ఒళ్ళో పడుతుంటే లోకేశ్వరి చందనం గిన్నె పట్టుకుని పక్కన నిలబడి, "యేం మొక్కు అత్తా?" అని అడిగింది. సుబ్బులమ్మ తలెత్తి ఆమె నోరు చూసి, "నువ్వు ఇంక ఆ దేశం పోకుండా ఉండేదానికి" అంది. ఆ గుండు మీద లోకేశ్వరి తన చేత్తోనే చందనం పూసింది. పూస్తున్నంతసేపూ లోపల ఒకటే అనుకుంది, ఈ మొక్కు తీరకూడదు స్వామీ అని. గుళ్ళో నిలబడి అలా అనుకున్న మనిషిని ఏమనాలో ఆమెకు తెలియలేదు.

పెంచలమ్మ ఫోన్ చేసింది బుధవారానికి ముందు వచ్చిన శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు. మగ్గాలన్నీ నడుస్తున్నాయి. మురుగేషూ, కూలికి వచ్చే మునికుమారూ అటు తిరిగి పనిలో ఉన్నారు. అత్త వంటింట్లో ఉందనుకుంది. రాట్నం పక్కన గోడకు ఫోన్ ఆనించి, చెవుల్లో తీగలు పెట్టుకుని, మైకు గడ్డం కింద పట్టుకుంది. తెర మీద ఆ గది. దుప్పటి, మనుషులు, ఇథియోపియా పిల్ల పళ్ళు. "బుధవారం వస్తా ఉండావు గదా లోకా?" అని పెంచలమ్మ అడిగింది.

తన గొంతు తనకే వినపడని చప్పుడు. ఇంత చప్పుడులో ఎవరికి తెలుస్తుందిలే అనుకుని లోకేశ్వరి ఏడు వారాలుగా నోట్లో కుక్కుకున్నదంతా విప్పేసింది. "ఈడ ఉండబుద్ధి కాలేదక్కా. పంపించేది లేదంటా ఉండారు. ఊపిరాడలేదు నాకు. మీ గది మీదే ఉండాది పానం." పెంచలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ వెనక నుంచి ఎవరో, బాధ మరిపిద్దామనుకుని కాబోలు, "మీ అత్తను సెయ్యి లోకా, యెన్నాళ్ళయిందో" అన్నారు. "మా అత్తకు ఇప్పుడు గుండు" అంది లోకేశ్వరి. కొంగు చెవుల వెనక్కి బిగించి గుండులా చేసుకుంది. మెడ చాపింది. కళ్ళు చికిలించింది. అర చెయ్యి నెత్తి మీద గుండ్రంగా రాసుకుని, నోరు తెరిచి, తెరలో ఒక్కొక్కరి మూతికేసి చూసింది. అవతల గది నవ్వుతో ఊగిపోయింది. ఆమె కూడా నవ్వి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని తలెత్తింది.

రెండో మగ్గానికీ మూడో మగ్గానికీ మధ్య సుబ్బులమ్మ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నోటికేసి చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

చెవులతో వినే మనుషుల మధ్య నాలుగేళ్ళు ఉండి వచ్చిన లోకేశ్వరి, ఈ ఇంట్లో చప్పుడు దేన్నీ దాచిపెట్టదన్న సంగతే మరిచిపోయింది. నగరిలో పుట్టిన పసిపిల్ల కూడా చెయ్యని తప్పు. సుబ్బులమ్మ టీ గ్లాసు రాట్నం పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. ఏం అనలేదు. ఆ సాయంత్రం కూడా ఏం అనలేదు, మర్నాడూ అనలేదు. తిరుత్తణి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గుండుతోనే వీధిలోకి పోయివచ్చే మనిషి, ఆ రోజు నుంచి ఇంట్లో కూడా తల నిండా కొంగు కప్పుకుని తిరిగింది. తిట్టినా బాగుండేది. ఆ కొంగు చూసినప్పుడల్లా లోకేశ్వరికి భూమిలోకి పోతే బాగుండుననిపించింది. ఉండిపోదామని కూడా అనుకుంది. ఉండిపోతే ఆ సిగ్గు తీరుతుందేమో అని ఆదివారమంతా ఆలోచించింది. కండె మీద కండె చుట్టింది. తీరేలా కనపడలేదు. దాని పక్కన ఉండిపోయానన్న దిగులు కూడా వచ్చి కూర్చుంటుంది, అంతే.

సోమవారం పదకొండింటికి కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారి ఆగాయి. మునికుమార్ బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. మురుగేష్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "టికెట్టు క్యాన్సిల్ సెయ్యమని ఏజెంటుకు సెప్తా ఉండా ఇయ్యాల" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"వద్దు" అంది లోకేశ్వరి.

"యేం వద్దు?"

"క్యాన్సిల్ వద్దు బావా. నేను పోతా."

"ఇంక ఆ అవసరం లేదు గదమే. మగ్గాలు ఆడతా ఉండాయి."

"అవసరానికి కాదు. నాకు ఆడ బాగుండాది."

మురుగేష్ తువ్వాలు దించాడు. "బాగుండాదా? వాళ్ళ అంట్లు తోమేది బాగుండాదా నీకు?"

"అంట్లు ఈడా తోమినా. ఆడ తోమినాక శుక్రవారం ఉండాది."

అతను వీధి వైపు ఒకసారి చూశాడు. తరవాత గొంతు తగ్గించి, "యెవుడు?" అన్నాడు.

"ఆడోళ్ళు. యెనిమిది మంది. కూర్చుంటాము, మాట్లాడుకుంటాము, నవ్వుకుంటాము. అంతే."

మగవాడి పేరు చెప్పి ఉంటే తిట్టేవాడు, చెయ్యి కూడా ఎత్తేవాడేమో, కానీ అర్థం చేసుకునేవాడు. కూర్చుని నవ్వుకోవడానికి ఒక ఆడది దేశం దాటి పోతుందన్నది అతని బుర్రకు ఎక్కలేదు. "మాట్లాడేదానికా? మేమంతా లేమా ఈడ?" అన్నాడు.

"ఉండారు. ఇన్నేండ్లలో నాతో యేం మాట్లాడినావో సెప్పు బావా. ఒక్కటి సెప్పు."

మురుగేష్ చెడ్డవాడు కాదు. నిజంగానే ఆలోచించాడు. నేలకేసి చూస్తూ చాలాసేపు వెతుక్కున్నాడు. "మీ నాయన పోయినపుడు మాట్లాడినా గదా" అన్నాడు చివరికి.

"ఔను. 'పద' అన్నావు."

అతని మొహం ఎర్రబడింది. "సిగ్గు లేదా నీకు? కట్టుకున్నోడు, కన్నబిడ్డ, నీ కోసం తల ఇచ్చిన ముసలిది, ఇంతమందిని ఇడిసిపెట్టి నవ్వుకునేదానికి పోతా అంటావే!"

"ఉండాది. వచ్చిన కాడ్నుంచి సిగ్గుతోనే సస్తా ఉండా. అది పోయినాక పోదామని సూసినా. పోయేట్టు లేదు. పెట్టుకునే పోతా." కండెను రాట్నం నుంచి తీసి గంపలో వేసింది. "దీనికి మనిషిని పెట్టుకో, కూలిచ్చి. లోహితను శనివారం పిలవద్దు. సదువుకోనీ."

"అమ్మా, సూస్తా ఉండావా దీని మాటలు?" అన్నాడు మురుగేష్, వంటింటి గుమ్మం వైపు తిరిగి. సుబ్బులమ్మ అక్కడే నిలబడి ఉంది. కొడుకు నోటినీ కోడలి నోటినీ మార్చి మార్చి చూస్తూ ఉన్నట్టుంది, ఎంతసేపటి నుంచో. ఆవిడ నోరు విప్పేలోగా కరెంటు వచ్చింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారి అందుకున్నాయి. మునికుమార్ పరుగెత్తుకొచ్చాడు. నడిచే మగ్గాన్ని వదిలేసి ఎవరూ కొట్లాడలేరు. మురుగేష్ ఏదో అంటూనే అటు తిరిగిపోయాడు.

సుబ్బులమ్మ వచ్చి రాట్నానికి అవతల వైపు, కోడలికి ఎదురుగా, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. లోకేశ్వరి ఆవిడ కళ్ళలోకి చూడలేక, మళ్ళీ చూడకపోతే మాట చేరదని తెలిసి, తలెత్తింది. "తప్పు సేసినా అత్తా. నీ గుండును..." అంతవరకే కదిలాయి పెదాలు.

ముసలావిడ చెయ్యి ఊపింది, ఆపమన్నట్టు. తల మీది కొంగు తీసేసింది. నెత్తి మీద తెల్లగా మొలకలొచ్చాయి. గొంతు వాడకుండా, పెదాలతోనే అడిగింది. "నేను అంత మెడ సాపుతానా?"

లోకేశ్వరి తల ఊపింది. ఏడుపు ఆగలేదు. ఇందాక మొగుడిని అడిగిన మాట ఆమెకే వచ్చి తగిలింది. ఇరవై రెండేళ్ళు ఒకే కప్పు కింద ఈ మనిషితో తనేం మాట్లాడింది? ఒక్కటి గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. తన నోరు ఎప్పుడు కదులుతుందా అని ఈవిడ మెడ చాపి చూసిన చూపే గుర్తుంది. దాన్ని అవతలికి మోసుకుపోయి అందరినీ నవ్వించింది. ఇన్ని రోజులూ పడ్డ సిగ్గంతా ఒక లెక్కలోది కాదనిపించింది.

సుబ్బులమ్మ ఇంకొంచెం ముందుకు జరిగింది. ఒక్కో మాటా స్పష్టంగా, కోడలు ఒక్కటీ పోగొట్టుకోకూడదన్నట్టు, పెదాలతో పలికింది.

"నేను యెప్పుడూ అట్లా నలుగురు ఆడోళ్ళ మధ్యన కూర్చోలేదు మే. పోయినాక శుక్రవారం నాకు వీడియో పెట్టు. ఫోన్‌ను మీ మధ్యలో యాడన్నా నిలబెట్టు. నాకేం వినపడబల్లేదు, మూతులు సూస్తా కూర్చుంటా."